పండ్ల యార్డు డ్రమ్ములో దొరికిన ఈస్ట్

నా ఉద్యోగం మొత్తంలో పై అధికారికి ఒకే ఒక్కసారి అబద్ధం చెప్పాను. అదీ కుళ్లిన మామిడిపండ్ల గురించి. రిటైరై రెండేళ్లు దాటింది కనుక ఇప్పుడు చెప్పుకోవడానికి భయం లేదు. ల్యాబు ఉద్యోగాల్లో కొత్తగా చేరుతున్న మీకు ఇందులో నేర్చుకోవడానికి ఏమైనా ఉందేమో మీరే చూసుకోండి. నవ్వుకోవడానికి మాత్రం ఉంది.

మాది గద్వాల, మగ్గం ఇల్లు. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివి, అక్కడా ఇక్కడా పనిచేసి, చివరి ఏళ్లలో వనపర్తి చేరాను. కొత్త జిల్లాలు వచ్చిన కొన్నాళ్లకు, వనపర్తి నుంచి కొత్తకోట పోయే రోడ్డు మీద, ఒకప్పటి వేరుశనగ గోదాములో చిన్న ప్రయోగ కేంద్రం తెరిచారు. పాడైన పండ్ల మీద ఈస్ట్ పెంచి పశువులకు దాణా చేయడం దాని పని. బేకరీలో రొట్టె పొంగడానికి వేస్తారే, ఆ ఈస్ట్‌కు దగ్గరి చుట్టమే ఇదీ.

పని చెప్పుకోవడానికి తేలిక. పాడైన పండ్లు తెచ్చి నలిపి రసం తీయాలి. మరిగించి చల్లార్చాలి. కొంచెం లవణం కలిపి, ఈస్ట్ విత్తనం వేసి, ట్యాంకు అడుగు నుంచి ఆగకుండా గాలి ఊదాలి. గాలి బాగా అందితే ఈస్ట్ తిని తిని పిల్లల్ని పెడుతుంది. అందకపోతే అలిగి సారా కాస్తుంది. అన్నీ కుదిరితే మర్నాటికి ట్యాంకు నిండా మీగడలాంటి ముద్ద తయారవుతుంది. దాన్ని తేర్చి తవుడులో కలిపి ఎండబెడితే మేకలకు, బర్రెలకు మంచి బలం.

మా కేంద్రానికి పెద్ద ఒక సైంటిస్టు సారు. కోస్తా నుంచి వచ్చినవారు. ఆయన జేబులో ఎప్పుడూ మూడు పెన్నులుండేవి. నల్లది కొలతలకు, నీలం మాటలకు, ఎర్రది తప్పులకు. ఎర్రపెన్ను నా రిజిస్టరు మీదే ఎక్కువగా తిరిగేది. గట్టిగా ఒక మాట అనేవారు కాదు. తప్పు చుట్టూ గుండ్రంగా ఒక సున్నా చుట్టి, రిజిస్టరు నా వైపు తిప్పి పెట్టేవారు. తిట్టినా బాగుండేది అనిపించేది.

ట్యాంకు, కంప్రెసర్ చూసుకోవడానికి కొత్తకోట నుంచి ఒక మెకానిక్ వచ్చేవాడు. హైవే మీద పదిహేనేళ్లు లారీల పని చేసినవాడు. అందరం భాయ్ అనేవాళ్లం. కాంట్రాక్టు ఉద్యోగం. కంప్రెసర్ శబ్దం విని దానికి ఎక్కడ నొప్పిగా ఉందో చెప్పగలిగేవాడు. ట్యాంకు మీద అరచెయ్యి పెట్టి, "ముప్పై నాలుగు ఉంటది చూడక్కా" అంటే, నేను థర్మామీటర్ పెట్టి చూసేదాన్ని. ముప్పై నాలుగే ఉండేది.

గోదాము ముందు పోయేవాళ్లకు మా వాసన తగిలేది. బండ్లు ఆపి లోపలికి తొంగిచూసి, "భాయ్, ఈడ ఏమన్న దొరుకుతదా?" అని గొంతు తగ్గించి అడిగేవాళ్లు. "దొరుకుతది. గని తాగెటందుకు నీకు నాలుగు కాళ్లుండాలె" అనేవాడు భాయ్.

మొదటి చలికాలం పండగలా గడిచింది. పాడైన బత్తాయిలు వచ్చేవి. ఈస్ట్ విత్తనం ఎక్కడో దూరంలో ఉన్న పెద్ద ల్యాబు నుంచి గాజు గొట్టాల్లో, దూదిలో చుట్టి వచ్చేది. వేసిన ప్రతిసారీ పండింది. ఖిల్లా ఘణపూర్ దగ్గరి మేకల పెంపకందార్లు, అందరూ ఆడవాళ్లే, ఒక సంఘంగా ఏర్పడి మా దాణా తీసుకెళ్లేవాళ్లు. వాళ్ల పెద్ద ఒకామె ఉండేది. మనిషి పొడుగు, గొంతు అంతకంటే పొడుగు. "గీ దాణా తిన్నసంది మా మ్యాకలు నన్ను జూస్తె చాలు, ఉరికొస్తున్నయి. నా మొగడు గుడ గట్ల ఉరికొస్తలేడు" అని అందరి ముందే అనేది. సారు తల వంచుకుని నీలం పెన్నుతో ఏదో రాసుకునేవారు.

ఎండాకాలం వచ్చింది. కొల్లాపూర్ వైపు నుంచి పాడైన మామిడిపండ్లు గుట్టలుగా రాసాగాయి. చక్కెర నిండిన పండ్లు. ఇక పంటే పంట అనుకున్నాం.

మొదటి ట్యాంకు పోయింది. మధ్యాహ్నం రెండింటికి నురగ కుంగిపోయింది. సాయంత్రానికి పులిసిన వాసన. రెండోదీ అంతే. కారణం తెలుసుకోవడం కష్టం కాలేదు. పెరిగేటప్పుడు ఈస్ట్‌కు ఒంట్లో వేడి పుడుతుంది. బయట పాలమూరు ఎండ. చల్లార్చడానికి వాడే సంపు నీళ్లే వేడినీళ్లు. ట్యాంకు నలభై దాటేది. ఎక్కడో ఏసీ గదిలో పుట్టి పెరిగిన ఆ ఈస్ట్ మా ఎండకు తట్టుకోలేక చచ్చిపోయేది.

భాయ్ ఊరుకోలేదు. ట్యాంకు చుట్టూ గోనెసంచులు కట్టి నీళ్లు చల్లాడు. పైన తాటాకు పందిరి వేశాడు. ఒకరోజు కొత్తకోట నుంచి ఆటో ట్రాలీలో నాలుగు మంచు దిమ్మెలు తెచ్చాడు. దారిలో టైరు పంక్చరైందట. మా దగ్గరికి వచ్చేసరికి నాలుగూ కలిపి ఒకటిన్నర దిమ్మె అయ్యాయి.

"మిగతాది ఏదయ్యా?" అన్నారు సారు.

"రోడ్డు తాగేసింది సాబ్" అన్నాడు భాయ్ దీనంగా.

ఆ ఒకటిన్నర దిమ్మెతో ట్యాంకు అరగంట చల్లబడింది. తర్వాత మళ్లీ మామూలే.

ఆ రోజుల్లోనే ఓ మధ్యాహ్నం పండ్లు చూసి రమ్మని సారు నన్ను కొల్లాపూర్ దారిలో ఉన్న మామిడి యార్డుకు పంపారు. అక్కడ పండ్లు ఏరి వేరుచేసే ఆడవాళ్లకు మేస్త్రీ ఒక పెద్దావిడ. మాకు పండ్లు పంపేది ఆమే. నన్ను బిడ్డా అనేది. యార్డు వెనక, నీడ లేని చోట, పనికిరాని పండ్లు పడేసే పాత నూనె డ్రమ్ము ఒకటుంది. దాని పక్కనుంచి వెళుతుంటే గుసగుసలాంటి శబ్దం వినిపించింది. తొంగి చూస్తే లోపల గుజ్జు కుతకుతలాడుతోంది. తెల్లటి నురగ అంచు దాకా పొంగి ఉంది.

మగ్గం ఇంట్లో పెరిగినవాళ్లకు ముక్కు పదును. పోగుకు పెట్టే గంజి పులిసిందా లేదా అన్నది మా అమ్మ వాసనతోనే చెప్పేది, నాకూ ఆ అలవాటు వచ్చింది. ఆ డ్రమ్ములోంచి కుళ్లు వాసన రాలేదు. పులుపు కూడా చాలా తక్కువ. అప్పుడే కాల్చిన రొట్టెలాంటి తియ్యటి వాసన. సంచిలోంచి థర్మామీటర్ తీసి గుజ్జులో పెట్టాను. నలభై ఒకటి.

"పెద్దమ్మా, ఇది గిట్ల పొంగవట్టి ఎన్ని దినాలైంది?"

"ఎండలు ముదిరిన కాన్నుంచి గంతే బిడ్డా. ఎంత ఎండ గొడితె గంత పొంగుతది. రాత్రి జర సల్లవడుతది, మల్ల పొద్దెక్కినంక సురువు."

"దీంట్ల ఏమన్న కలిపినవా?"

"నేనేం కల్పుత? ఎండ, ఈగలు. గంతే."

మరిగించిన చిన్న సీసా ఒకటి నా సంచిలో ఉంది. దాంట్లో రెండు చెంచాల నురగ తీసుకుని, బస్సులో వనపర్తి దాకా ఒళ్లో పెట్టుకుని వచ్చాను. మూత ఒకటికి రెండుసార్లు దానంతటదే ఎగిరింది. పక్కసీటామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

ఆ నురగలో ఉన్న రకరకాల క్రిముల్లోంచి ఈస్ట్ ఒక్కదాన్ని వేరు చేయడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఒకదాని నుంచి ఇంకోదానికి మార్చుతూ గాజు పళ్లేల మీద పెంచాను. చివరికి మైక్రోస్కోపు కింద అన్నీ ఒకే తీరుగా, కోలగా, ఒక్కోదాని భుజం మీద ఒక్కో చిన్న మొగ్గతో కనిపించాయి. నలభై రెండు డిగ్రీల పెట్టెలో పెట్టి ఇంటికి పోయాను. తెల్లారి వచ్చి చూస్తే సీసా పాలలా తెల్లబడింది. పక్కనే పెట్టిన మా పాత ఈస్ట్ సీసాలో నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి.

పరుగున వెళ్లి సారుకు చూపించాను. ఆయన రెండు సీసాలనూ వెలుతురుకు పట్టి చాలాసేపు చూశారు. కళ్లు మెరిశాయి. తర్వాత సీసాలు కింద పెట్టేశారు.

"చాలా బాగుందమ్మా. కానీ దీని పేరేమిటి?"

"తెలియదు సార్."

"ఏ జాతిదో తెలియని జీవిని మేకల నోట్లో పెట్టకూడదు. కొన్ని ఈస్ట్‌లు రోగాలు కూడా తెస్తాయి. గుర్తించడానికి పంపుదాం. నివేదిక వచ్చాకే ట్యాంకులోకి."

"ఎన్నాళ్లు పడుతుంది సార్?"

"రెండు మూడు నెలలు."

ఆయన అన్నదాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు. అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. నమూనా ఆ రోజే పంపించాం.

మూడో ట్యాంకు కూడా పోయిన రోజున ఒక కాగితం వచ్చింది. వచ్చే వారం హైదరాబాదు నుంచి పరిశీలనకు ఒక మేడం వస్తున్నారు. ఎండాకాలంలో కేంద్రం నడవకపోతే మూసేసి, ట్యాంకు వేరే జిల్లాకు పంపేస్తారు. నాది, సారుది పర్మినెంటు ఉద్యోగం. ఇంకో చోటికి పోతాం. కాంట్రాక్టు మీద ఉన్న భాయ్‌ సంగతి కాగితంలో లేదు. అతను దాన్ని రెండుసార్లు చదివించుకుని, వెళ్లి కంప్రెసర్ తుడవడం మొదలుపెట్టాడు. ఉదయమే తుడిచిన కంప్రెసర్ అది.

పరిశీలనకు ముందురోజు పొద్దున ట్యాంకులో విత్తనం వేయాలి. వేసేది నేనే. చేతిలో రెండు సీసాలున్నాయి. నేను యార్డు సీసా ఒంపేశాను.

సారు వచ్చి అడిగారు. "విత్తనం వేశావా అమ్మా?"

"వేశాను సార్."

"మన పాతదేగా?"

"అవును సార్."

ఇంతే నేను చెప్పిన అబద్ధం. రెండు మాటలు. రిజిస్టరులో కూడా పాత ఈస్ట్ నంబరే రాశాను. ఇంటి నుంచి తెచ్చుకున్న వేరే నోటుబుక్కులో మాత్రం జరిగింది జరిగినట్టు రాసిపెట్టాను. అబద్ధం చెప్పినా కొలతలు పోగొట్టుకోబుద్ధి కాలేదు.

మధ్యాహ్నం రెండు దాటింది. భాయ్ అలవాటుగా అరచెయ్యి ట్యాంకు మీద పెట్టి, వెంటనే తీసి, మళ్లీ పెట్టాడు.

"అక్కా, నలభై దాటింది. గని నురగ కూసుంటలేదు. ఏంది కథ?"

నేను రిజిస్టరులోకి తల దూర్చాను. అతను నా ముఖం వైపు చూశాడు. పదిహేనేళ్లు లారీ డ్రైవర్ల అబద్ధాలు విన్న మనిషి.

"సాబ్‌కు ఎర్కనా?"

"తెల్వదు."

"అయ్యో అక్కా" అన్నాడు మెల్లగా. వెళ్లి గోనెసంచులు మళ్లీ తడిపాడు.

మర్నాడు ట్యాంకు అంచు దాకా నిండి ఉంది. అంత చిక్కటి పంట చలికాలంలో కూడా చూడలేదు. పదకొండు గంటలకు మేడం వచ్చారు. సన్నగా, చురుగ్గా ఉన్నారు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. కొలతలు తీయించారు. చూసిన కొద్దీ ఆవిడ ముఖం విప్పారింది. సారు ముఖం అంతకంటే వెలిగిపోయింది. గోనెసంచులను, తాటాకు పందిరిని చూపించి, "తక్కువ ఖర్చుతో మా మెకానిక్ చేసిన ఏర్పాటండి" అని గర్వంగా చెప్పారు. భాయ్ నేల చూపులు చూశాడు.

ఘణపూర్ నుంచి మేకల సంఘం వాళ్లు కూడా వచ్చారు. ఎండలకు మేత మాడిపోయిందని, ఎండబెట్టేదాకా ఆగలేమని, పచ్చి ముద్దే పట్టుకుపోతామని బకెట్లు తెచ్చుకున్నారు. ఆ పొడుగాటి ఆమె బకెట్ పట్టుకుని ట్యాంకు పక్కనే నిలబడింది.

మేడం నవ్వుతూ అన్నారు. "ఇంకేం, వీళ్లకు ఇచ్చేయండి. నాకు కూడా ఈ విత్తనం గొట్టాలు నాలుగు కావాలి. వేడి జిల్లాలన్నిటికీ పంపిద్దాం."

సారు కుళాయి తిప్పమని భాయ్‌కి సైగ చేశారు. భాయ్ కుళాయి మీద చెయ్యి వేసి నా వైపు చూశాడు. తిప్పలేదు.

ఆ క్షణం దాకా నేను నా ఉద్యోగం గురించి, భాయ్ ఉద్యోగం గురించే ఆలోచించాను. ఆ బకెట్ చూశాక మేకలు గుర్తొచ్చాయి. ఆమెను చూసి ఉరికొచ్చే మేకలు. వాటికేమైనా అయితే?

"వద్దు భాయ్, తిప్పొద్దు" అన్నాను. "మేడం, ట్యాంకులో ఉన్నది మన ఈస్ట్ కాదు. పేరు తెలియదు. నేనే వేశాను. సారుకు తెలియదు. ఆయన వద్దన్నారు కూడా."

కంప్రెసర్ ఒక్కటే కొట్టుకుంటోంది. సారు నా వైపు చూడలేదు. జేబులోంచి ఒక పెన్ను తీసి, దాని రంగు చూసి, మళ్లీ జేబులో పెట్టుకున్నారు.

ముందుగా మాట్లాడింది మేకలామె. "పేరు తెల్వకపోతె పాయె. యాడికెల్లి తెచ్చినవు?"

"మామిడి యార్డుల, కుళ్లిన పండ్ల డ్రమ్ముల కెల్లి."

"ఓసి, గంతేనా! గా పెంట మీది పండ్లు మా మ్యాకలు దినాం తింటనే ఉంటయి గదనే!"

ఆడవాళ్లందరూ గొల్లున నవ్వారు. మేడం పెదవులు కూడా కదిలాయి. సారు మాత్రం నవ్వలేదు.

"నవ్వాల్సిన విషయం కాదమ్మా" అన్నారు ఆమెతో, చాలా మర్యాదగా. "వంద మేకలు తిని బాగుండొచ్చు. నూట ఒకటోది చస్తే నేనేం చెప్పను మీకు? ఈ ట్యాంకు ఎవరికీ ఇవ్వడం లేదు."

ఆమె బకెట్ బోర్లించి దాని మీద కూర్చుంది. "గిట్ల జెప్పెటోడు దొరకడు. అయితె మాకు చాయ్ అన్న తాపియ్యి సారూ" అంది.

అసలు కొలతలు వేరే రాసిపెట్టానని చెబితే, ఆ నోటుబుక్కు తెమ్మన్నారు మేడం. అక్కడే నిలబడి మొదటి పేజీ నుంచి చదివారు. డ్రమ్ము వేడి, తొమ్మిది రోజుల గాజు పళ్లేలు, ట్యాంకు గంటగంటకూ కొలతలు. మధ్యలో రెండుసార్లు తలెత్తి నన్ను చూశారు. వెళ్లేటప్పుడు సారుతో, "వచ్చే ఎండాకాలం దాకా మూసేయొద్దని రాస్తాను. ఈమెకు మాత్రం మెమో ఇవ్వండి" అన్నారు. రెండూ జరిగాయి.

ఆ ట్యాంకు పంటనంతా మరిగించి పెంటగుంటలో పోయించారు సారు. భాయ్ కుళాయి తిప్పి, తెల్లటి ముద్ద కాలువలో పోతుంటే అటు తిరిగి నిలబడ్డాడు. "ఇట్లాంటి ఇంజన్ జిందగీల ఒక్కసారి దొరుకుతది అక్కా" అన్నాడు. అది ఇంజన్ కాదని నేను చెప్పలేదు.

మెమోకు సంజాయిషీ రాసి సారు బల్ల మీద పెట్టాను. గంట తర్వాత తిరిగి వచ్చింది. మూడు చోట్ల ఎర్ర సున్నాలు. రెండు అక్షర దోషాలు. మూడోది, 'కేంద్రం మేలు కోరి చేశాను' అన్న వాక్యం. పక్కన, 'ఇది అవసరం లేదు, తీసేయండి' అని ఉంది. తీసేసి మళ్లీ రాసిచ్చాను. సంతకం పెట్టారు. ఆ తర్వాత పదకొండు రోజులు నాతో పని మాటలు తప్ప వేరే మాట లేదు. టీ తెప్పించేటప్పుడు మాత్రం నాకూ ఒకటి చెప్పేవారు. ఆ పదకొండు టీలు తాగడం ఎంత కష్టమో మీకు ఎలా చెప్పను?

పన్నెండో రోజు ఆయనే మాట్లాడారు. "నీకు వద్దని చెప్పినప్పుడు నేను ఇంకో పని చేసి ఉండాల్సింది. ఆ సీసా పట్టుకుని నేనే హైదరాబాదు వెళ్లి, మాకు ఇది దొరికింది, గడువు ఇవ్వండి అని అడగాల్సింది. అడగలేదు. నిబంధన చెప్పి ఊరుకున్నాను." ఇంత చెప్పి, నా జవాబు కోసం చూడకుండా రిజిస్టరు తెరిచారు. నాకు ఏడుపొచ్చింది. ఈస్ట్ గది లోపలికి పోయి తలుపేసుకున్నాను.

వానలు పడ్డాక నివేదిక వచ్చింది. పండ్ల మీద, పెరుగు మీద సహజంగా పెరిగే జాతే. ఇంతకు ముందు దాణాగా వాడిందే. ప్రమాదం లేదు. అయినా సారు ముందు నాలుగు మేకలకే పెట్టించి, రెండు నెలలు బరువులు తూయించారు. ఆ మేకలను పట్టి తక్కెడ ఎక్కించడం ఇంకో పెద్ద కథ. భాయ్ చొక్కా గుండీలు మూడు ఒక మేక మింగేసింది. అవి దాణా లెక్కలో రాయాలా అని అడిగాడు.

మరుసటి ఎండాకాలం మంచు లేదు, గోనెసంచులు లేవు. మే నెల మిట్టమధ్యాహ్నం ట్యాంకు నురగలు కక్కుతూ నడిచింది. భాయ్ కాంట్రాక్టు పొడిగించారు. ఆ యార్డు ఈస్ట్‌కు సారు ఒక నంబరు పెట్టారు. భాయ్ మాత్రం దాన్ని 'దేశీ' అనేవాడు. చివరికి సారు కూడా మాటల్లో దేశీ అనేసి నాలుక కరుచుకునేవారు.

కొత్త రకం దొరికితే దాన్ని పెద్ద ల్యాబులో భద్రపరచమని పంపేటప్పుడు ఒక ఫారం నింపాలి. సారు దాన్ని నా ముందే నింపారు. 'సేకరించినవారు' అన్న గడిలో నా పేరు పూర్తిగా, నీలం పెన్నుతో రాశారు. అన్నేళ్ల సర్వీసులో సంతకం గడి తప్ప వేరే గడిలో నా పేరు చూసుకోవడం అదే మొదలు. ఆ కింద 'స్థలం, మొదట చూపినవారు' అని ఇంకో గడి ఉంది.

"యార్డు ఆవిడ పేరేమిటమ్మా?" అన్నారు.

నాకు తెలియదు. రెండు మామిడి కాలాలు ఆమె పంపిన పండ్లు వాడుకున్నాం. పేరు ఎవరమూ అడగలేదు.

మర్నాడు బస్సెక్కి యార్డుకు పోయాను. ఆమె పండ్ల గుట్ట ముందు కూర్చుని చేతులు ఊపుతూ ఎవరినో కేకలేస్తోంది. సంగతంతా చెప్పాను. ఆమె డ్రమ్ములోని ఈస్ట్‌ను పెద్ద ల్యాబులో దాస్తారని, దాని పక్కన ఆమె పేరు ఉంటుందని చెప్పాను. ముందు నమ్మలేదు. తర్వాత పడీపడీ నవ్వింది.

"కుళ్లిన పండ్లకు నా పేరా? సంపుతవా ఏంది బిడ్డా!"

"నిజంగనే పెద్దమ్మా. చెప్పు, రాసుకుంట."

ఆమె చేతులు తుడుచుకుని, కొంగు సర్దుకుని, ఫొటో దిగేదానిలా నిటారుగా కూర్చుంది. ఇంటిపేరుతో సహా విడమరిచి చెప్పింది. ఫారంలో భర్త పేరుకు కూడా చోటుంది కనుక అదీ అడిగాను. ఆమె పెన్ను మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"గాయిన పేరు రాయకు. గాయినె ఏనాడు యార్డుకు రాలే."

నేను రాయలేదు.